సిగ్నల్ పోయినా మాట ఆగకూడదు.. టూ-వే రేడియో టెక్నీషియన్ కావాలంటే ఏం చదవాలి? పని ఎక్కడ దొరుకుతుంది?

మరిపెడ: 2024 సెప్టెంబర్ 1. ఆకేరు వాగు ఉప్పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచెత్తింది. పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన దెబ్బతిని వరంగల్-ఖమ్మం రోడ్డు తెగిపోయింది. అటు కేసముద్రం-ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రోడ్డు లేదు, రైలు లేదు.

అలాంటి రోజున పోలీసులకైనా, రైల్వే గ్యాంగులకైనా, రెవెన్యూ సిబ్బందికైనా ముందు కావాల్సింది ఒక్కటే. ఒకరి మాట ఇంకొకరికి చేరాలి. మరి ఫోన్ ఉంది కదా అంటారా? కరెంటు పోయి, బ్యాకప్ బ్యాటరీ కూడా అయిపోతే సెల్ టవర్ మూగబోతుంది. టవర్ బతికే ఉన్నా అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తే లైన్ దొరకదు. అప్పుడు ఆదుకునేది బటన్ నొక్కి మాట్లాడే సెట్. పోలీస్ స్టేషన్‌లో గరగరమంటూ మోగే వైర్‌లెస్ సెట్, గార్డు చేతిలో కనిపించే వాకీటాకీ.. అన్నీ ఆ కుటుంబమే.

కానీ ఆ ఒక్క రోజు సెట్ పనిచేయాలంటే, మిగతా 364 రోజులూ దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. బ్యాటరీ ఎంత నిలుస్తోంది, టవర్ మీద కేబుల్‌లోకి నీళ్లు దిగాయా, రిపీటర్‌కు పవర్ సరిగ్గా అందుతోందా.. ఇవన్నీ చూసుకునే వాళ్లే టూ-వే రేడియో టెక్నీషియన్లు. పదో తరగతి, ఇంటర్ అయిపోయి ఏం చేయాలా అని చూస్తున్న పిల్లలకు పెద్దగా తెలియని దారి ఇది. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడిదాకా వెళ్లొచ్చు, ఇందులో కష్టం ఎంత.. ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు టూ-వే రేడియో అంటే ఏంటి?

ఇంట్లో వినే రేడియో వన్-వే. స్టేషన్ వాళ్లు చెబుతారు, మనం వింటాం. టూ-వే రేడియోలో వినడంతో పాటు మాట్లాడొచ్చు కూడా. పక్కనున్న బటన్ నొక్కితే మన మాట వెళ్తుంది, వదిలితే అవతలి మాట వినిపిస్తుంది. ఆ బటన్‌నే పీటీటీ అంటారు.

ఫోన్‌కు, దీనికి తేడా ఏంటంటే.. ఫోన్ మాట ముందు సెల్ టవర్‌కు, అక్కడి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌కు, మళ్లీ ఇంకో టవర్‌కు వెళ్లి అవతలి వ్యక్తికి చేరుతుంది. మధ్యలో ఏది తెగినా అంతే సంగతులు. వాకీటాకీ నుంచి వాకీటాకీకి మాట నేరుగా వెళ్తుంది. పైగా ఒక్కరు బటన్ నొక్కితే ఆ చానెల్‌లో ఉన్న 20 మందికీ ఒకేసారి వినిపిస్తుంది. నంబర్ డయల్ చేసేది లేదు, రింగ్ అయ్యేదాకా ఆగేది లేదు.

ఎక్కువగా వాడేవి రెండు బ్యాండ్లు. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ వరకు ఉండేది వీహెచ్‌ఎఫ్. 400 నుంచి 470 మెగాహెర్ట్జ్ వరకు ఉండేది యూహెచ్‌ఎఫ్. ఊళ్లు, పొలాలు, కొద్దిగా గుట్టలు ఉన్న చోట వీహెచ్‌ఎఫ్ బాగా సాగుతుంది. బిల్డింగులు, ఫ్యాక్టరీ షెడ్లు, ఆస్పత్రుల లోపల యూహెచ్‌ఎఫ్ మెరుగ్గా పనిచేస్తుంది.

మరి ఎంత దూరం వెళ్తుంది? దీనికి ఒక లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో చూపు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 30 మీటర్ల టవర్‌కు దాదాపు 22 కిలోమీటర్లు. నేల మీద నిలబడ్డ మనిషి చేతిలోని సెట్‌కు 5 కిలోమీటర్లు. రెండూ కలిపితే అడ్డేమీ లేని చోట 27 కిలోమీటర్ల దాకా మాట అందే వీలుంది. గుట్టలు, చెట్లు, ఇళ్లు అడ్డొస్తే ఇది తగ్గిపోతుంది. డబ్బాల మీద రాసే దూరాలు చూసి మోసపోవద్దని టెక్నీషియన్లు చెప్పేది అందుకే. వాట్లు పెంచడం కంటే యాంటెన్నాను ఎత్తులో పెట్టడమే ఎక్కువ మేలు చేస్తుంది.

రిపీటర్ కథ కూడా ఇదే. ఎత్తైన చోట పెట్టిన ఈ పరికరం ఒక ఫ్రీక్వెన్సీలో మాటను అందుకుని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా బయటకు పంపుతుంది. దాంతో జేబులో పట్టే 5 వాట్ల సెట్ కూడా మండలం ఈ కొస నుంచి ఆ కొసకు మాట్లాడుతుంది. రిపీటర్ ఆగిందంటే మాత్రం మొత్తం మండలం మౌనం. టెక్నీషియన్ విలువ తెలిసేది అప్పుడే.

టెక్నీషియన్ రోజూ చేసే పనేంటి?

సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని బోర్డు బాగుచేయడమే ఈ పని అనుకుంటారు చాలామంది. అది అందులో ఒక భాగం మాత్రమే. వర్క్‌షాప్‌కు వచ్చే సెట్లలో ఎక్కువగా కనిపించేవి చిన్న చిన్న లోపాలే. బ్యాటరీ కాంటాక్టులు తుప్పు పట్టడం, యాంటెన్నా విరగడం, పీటీటీ బటన్ అరిగిపోవడం, స్పీకర్ మైక్ వైరు తెగడం, వానలో తడిసి లోపలికి నీళ్లు పోవడం. ఇలాంటివి కనిపెట్టడానికి మల్టీమీటర్, ఓపిక ఉంటే చాలు.

అసలు నైపుణ్యం తెలిసేది యాంటెన్నా, కేబుల్ దగ్గర. ఒక ఉదాహరణ చూడండి. 25 వాట్ల యూహెచ్‌ఎఫ్ సెట్ నుంచి టవర్ మీది యాంటెన్నాకు 30 మీటర్ల కేబుల్ వేయాలి. తక్కువలో వస్తుందని ఆర్‌జీ-58 అనే సన్న కేబుల్ వేశారనుకోండి. పైకి చేరేసరికి పవర్‌లో పదో వంతే మిగులుతుంది. అంటే రెండున్నర వాట్లు. అదే ఎల్‌ఎంఆర్-400 లాంటి మందం కేబుల్ వేస్తే సగానికి పైగా, అంటే 13 వాట్ల దాకా పైకి వెళ్తుంది. సెట్ అదే, యాంటెన్నా అదే. కేబుల్ ఒక్కటే మారింది. కస్టమర్ మాత్రం సెట్ బాగాలేదని కంపెనీని తిడుతుంటాడు!

యాంటెన్నా సరిగ్గా ట్యూన్ కాకపోతే పవర్ కొంత వెనక్కి తిరిగొస్తుంది. దాన్ని ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ చూపిస్తుంది. రీడింగ్ 1.5 ఉంటే తిరిగొచ్చేది 4 శాతమే, పర్లేదు. 3కు వెళ్తే 25 శాతం వెనక్కి వస్తోందని అర్థం. అలాగే వదిలేస్తే సెట్‌లోని పవర్ ట్రాన్సిస్టర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇవి కాక సెట్లలో చానెళ్లు ప్రోగ్రామ్ చేయడం, ఒకరి మాట ఇంకో గ్రూపుకు వినిపించకుండా టోన్లు పెట్టడం, వాహనాల్లో సెట్లు బిగించడం, 13.8 వోల్టుల పవర్ సప్లై, బ్యాటరీ బ్యాకప్ చూడటం, పిడుగుల నుంచి కాపాడే ఎర్తింగ్ సరిచూడటం.. ఇవన్నీ ఈ ఉద్యోగంలోనే ఉంటాయి.

మన చుట్టుపక్కల ఈ సెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి?

మరిపెడ బంగ్లా సెంటర్‌లో నిలబడి చూస్తే ఈ రంగానికి, మనకు ఏం సంబంధం అనిపించొచ్చు. కానీ నాలుగు దిక్కులా పని ఉంది.

మొదటిది పోలీస్ శాఖ. ప్రతి స్టేషన్‌లో, ప్రతి పెట్రోలింగ్ వాహనంలో సెట్ ఉంటుంది. పోలీసులు 'సెట్ కాన్ఫరెన్స్' అనేది దీని మీద జరిగేదే. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర లాంటి చోట లక్షల మంది చేరితే సెల్ నెట్‌వర్క్ మీద భారం ఎంత పడుతుందో మనందరికీ తెలుసు. అక్కడ బందోబస్తు నడిచేది సెట్ల మీదే.

రెండోది రైల్వే. మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా వెళ్లే కాజీపేట-విజయవాడ లైన్‌లో లోకో పైలట్, ట్రైన్ మేనేజర్, స్టేషన్ మాస్టర్ మాట్లాడుకునేది వాకీటాకీలు, వీహెచ్‌ఎఫ్ సెట్లలోనే.

మూడోది సింగరేణి. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు వైపు ఓపెన్‌కాస్ట్ గనుల్లో డంపర్లు, షావెళ్లు, బ్లాస్టింగ్ సిబ్బంది మధ్య సమన్వయానికి సెట్లు కావాలి. పాల్వంచ, మణుగూరు థర్మల్ కేంద్రాల్లోనూ అంతే.

నాలుగోది ప్రైవేటు. గ్రానైట్ క్వారీలు, స్పిన్నింగ్ మిల్లులు, పెద్ద ఆస్పత్రులు, హోటళ్లు, సెక్యూరిటీ ఏజెన్సీలు, ఈవెంట్ సంస్థలు. వీటిలో చాలావాటికి సొంత టెక్నీషియన్ ఉండడు. హైదరాబాద్ డీలర్ దగ్గరకు సెట్లు పంపి రోజుల తరబడి ఎదురుచూస్తారు. వరంగల్-ఖమ్మం మధ్య ఉండి, ఫోన్ చేసిన రోజే బండేసుకుని వచ్చే మనిషికి ఇక్కడ చోటుంది.

పదో తరగతి తర్వాత దారి ఏది?

'వాకీటాకీ కోర్సు' అని విడిగా ఒకటి వెతుక్కోవాల్సిన పనిలేదు. పునాది ఎలక్ట్రానిక్స్‌లో ఉంది. ముఖ్యంగా మూడు దారులు.

ఒకటి, ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్. పది పాసైతే చేరొచ్చు. రెండేళ్లు. చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్లకు, త్వరగా సంపాదనలో పడాల్సిన వాళ్లకు ఇది సరిపోతుంది.

రెండు, పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా. పది తర్వాత పాలిసెట్ రాసి చేరాలి. మూడేళ్లు. వరంగల్ ప్రభుత్వ పాలిటెక్నిక్ లాంటి చోట సీటు వస్తే ఫీజు భారం తక్కువ. ఐటీఐ చేసినవాళ్లు కూడా ఎల్‌పీసెట్ రాసి నేరుగా డిప్లొమా రెండో సంవత్సరంలోకి వెళ్లొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. కాబట్టి ఐటీఐలో చేరితే అక్కడితో ఆగిపోతామన్న భయం అక్కర్లేదు.

మూడు, ఇంటర్ ఎంపీసీ లేదా బీఎస్సీ ఎలక్ట్రానిక్స్. ఉద్యోగ పరీక్షలు రాయాలనుకునే వాళ్లకు ఈ దారి ఉపయోగం.

ఏ దారిలో వెళ్లినా, సర్టిఫికెట్ చేతికొచ్చాక అప్రెంటిస్‌షిప్ తప్పకుండా చేయండి. రక్షణ దళాలకు రేడియో పరికరాలు తయారు చేసే ఈసీఐఎల్ హైదరాబాద్‌లోనే ఉంది. 1967లో మొదలైన ఈ ప్రభుత్వ సంస్థ ఐటీఐ అభ్యర్థులను అప్రెంటిస్‌లుగా తీసుకుంటూ ఉంటుంది. రైల్వే, సింగరేణి కూడా తీసుకుంటాయి. స్టైపెండ్ తక్కువే. కానీ అసలైన పరికరం మీద చేయి పడేది అక్కడే.

మొదటి ఏడాది ఏం నేర్చుకోవాలి?

కాలేజీలో నేర్పేది ఒకటి, ఫీల్డ్‌లో అడిగేది ఇంకొకటి. అందుకే ఇంట్లోనే కొన్ని సాధన చేయాలి.

మొదటి మూడు నెలలు కరెంటు మీద పట్టు. ఓమ్ సూత్రం బట్టీ పట్టడం కాదు, వాడటం రావాలి. 25 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 6 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్న వైరు వేస్తే వోల్టేజీ పడిపోయి, బటన్ నొక్కగానే సెట్ ఆఫ్ అవుతుంది. లోపం సెట్‌లో ఉందా, వైరులో ఉందా? మల్టీమీటర్‌తో కనిపెట్టడం వస్తే సగం పని వచ్చినట్టే.

తర్వాత సోల్డరింగ్, కనెక్టర్లు. కేబుల్ చివర కనెక్టర్ వేయడం చూడటానికి తేలిక. కానీ టవర్ మీద వానలో తడిసినా ఏళ్ల తరబడి నిలిచేలా వేయడమే పనితనం. పాత కేబుల్ ముక్కల మీద పది, ఇరవై సార్లు వేసి, కోసి చూసుకుంటేనే చేయి తిరుగుతుంది.

ఆ తర్వాత యాంటెన్నా. 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 150 మెగాహెర్ట్జ్‌కు 2 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 50 సెంటీమీటర్ల కడ్డీతో యాంటెన్నా తయారవుతుంది. 450 మెగాహెర్ట్జ్‌కు అయితే 16, 17 సెంటీమీటర్లు చాలు. నానో వీఎన్‌ఏ అనే చిన్న మీటర్ కొన్ని వేల రూపాయలకు దొరుకుతోంది. యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ట్యూన్ అయిందో దాని స్క్రీన్ మీద కనిపిస్తుంది.

చివరగా కంప్యూటర్, నెట్‌వర్కింగ్. ఇప్పటి సెట్లన్నీ సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రామ్ చేసేవే. రిపీటర్లను ఇంటర్నెట్ కేబుల్‌తో కలుపుతున్నారు. ఐపీ అడ్రస్ అంటే తెలియని టెక్నీషియన్ ఇకపై వెనకబడతాడు.

ఇంకో అలవాటు కూడా ముఖ్యం.. రాసుకోవడం. ఏ సెట్, ఏ సీరియల్ నంబర్, ఏ లోపం, ఏం మార్చాం, బ్యాటరీ ఎంత సేపు నిలిచింది. ఈ నోట్‌బుక్ ఉన్నవాడికే కంపెనీలు వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ ఇస్తాయి.

హ్యామ్ లైసెన్స్.. తక్కువ ఖర్చుతో పెద్ద బడి

రేడియోను చట్టబద్ధంగా సొంతంగా వాడుతూ నేర్చుకోవాలంటే హ్యామ్ రేడియోను మించింది లేదు. కేంద్ర టెలికాం శాఖ నిర్వహించే ఏఎస్‌ఓసీ పరీక్ష పాసైతే లైసెన్స్, సొంత కాల్‌సైన్ వస్తాయి. 12 ఏళ్లు నిండిన ఎవరైనా రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లో 1983లో ఏర్పాటైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ రంగంలో దేశమంతా తెలిసిన సంస్థ.

ఆ సంస్థ పేరు ప్రపంచానికి తెలిసింది 2004 డిసెంబర్ 26న. అంతకు కొన్ని వారాల ముందే భారతి ప్రసాద్ నేతృత్వంలోని హ్యామ్ బృందం అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. అక్కడి నుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడాలన్నది ప్లాన్. ఇంతలో భూకంపం, సునామీ. దీవులతో మామూలు ఫోన్ సంబంధాలు దెబ్బతిన్నాయి. సరదాగా పెట్టుకున్న ఆ స్టేషనే అత్యవసర కేంద్రంగా మారింది. తమవాళ్లు బతికే ఉన్నారో లేదో తెలియక అల్లాడుతున్న కుటుంబాలకు ఆ సెట్ల ద్వారానే కబుర్లు చేరాయి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. హ్యామ్ లైసెన్స్‌తో వ్యాపారం చేయకూడదు. అది నేర్చుకోవడానికి, ప్రయోగాలకు, ఆపదలో సేవకు మాత్రమే. కానీ ఇంటర్వ్యూలో 'నా కాల్‌సైన్ ఇది' అని చెప్పగలిగిన కుర్రాడిని ఎవరైనా కాస్త వేరుగా చూస్తారు.

చట్టం తెలియకుండా చేయి పెట్టొద్దు

ఈ పనిలో బాగా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. గాలిలో తరంగాలు ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు వాడుకునేవి కావు. ఎవరికి ఏ ఫ్రీక్వెన్సీ ఇవ్వాలో నిర్ణయించేది టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. 1952 నుంచి ఉంది. క్వారీ అయినా, ఆస్పత్రి అయినా సాధారణ వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ సెట్లు వాడాలంటే అనుమతి తీసుకోవాలి. దరఖాస్తులు సరల్ సంచార్ పోర్టల్‌లో పెట్టుకోవాలి.

లైసెన్స్ లేకుండా వాడుకునేవి కొన్ని ఉన్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ చేతి సెట్లకు 2018 నిబంధనలు మినహాయింపు ఇచ్చాయి. కానీ ఆ సెట్‌కు కూడా ఈటీఏ అనే ప్రభుత్వ ఆమోదం ఉండాల్సిందే. ఇలాంటివేమీ చెప్పకుండా ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్మేస్తున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులు ఇచ్చింది. ఆ తర్వాత అమ్మకాలపై మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

టెక్నీషియన్‌కు దీంతో పనేంటంటే.. రేపు ఎవరో వచ్చి 'తమ్ముడూ, ఈ సెట్‌లో పోలీసుల చానెల్ వినపడేలా పెట్టు, ఎంతైనా ఇస్తా' అంటారు. పెట్టొద్దు. అనుమతి కాగితంలో ఉన్న ఫ్రీక్వెన్సీలు తప్ప ఇంకేదీ ప్రోగ్రామ్ చేయొద్దు. ఆ కాగితం కాపీ మీ ఫైల్‌లో పెట్టుకున్నాకే పని మొదలుపెట్టండి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో కాగితాలు లేని వాకీటాకీ దొరికితే పోలీసుల అనుమానం ఎటు వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రభుత్వ ఉద్యోగాలు ఏమున్నాయి?

రైల్వేలో సిగ్నల్ అండ్ టెలికాం అనే విభాగమే ఉంది. టెక్నీషియన్ గ్రేడ్-3 పోస్టులకు పదో తరగతితో పాటు సంబంధిత ట్రేడ్‌లో ఐటీఐ ఉండాలి. ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం 19,900 రూపాయలు. గ్రేడ్-1 సిగ్నల్ పోస్టులకు డిప్లొమా, ఇంజినీరింగ్ లేదా ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ లాంటి సబ్జెక్టుల్లో బీఎస్సీ అడుగుతారు. మూల వేతనం 29,200. దీనిపై డీఏ, ఇతర అలవెన్సులు అదనం.

రైల్వేలో ఇప్పుడు రేడియో తెలిసినవాళ్ల అవసరం పెరుగుతోంది. కారణం కవచ్. రైళ్లు ఢీకొనకుండా ఆపే ఈ వ్యవస్థలో ఇంజిన్, స్టేషన్ మాట్లాడుకునేది యూహెచ్‌ఎఫ్ రేడియోలోనే. దీన్ని దేశంలో ముందుగా పెద్ద ఎత్తున అమర్చింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే, 1,465 కిలోమీటర్ల మేర. రైల్వే సిగ్నల్, టెలికాం సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఇరిసెట్ కూడా సికింద్రాబాద్‌లోనే ఉంది. 1957లో మొదలైంది.

తెలంగాణ పోలీస్‌లో ఐటీ అండ్ కమ్యూనికేషన్స్ విభాగం ఉంది. 2022 నోటిఫికేషన్లలో ఈ విభాగానికి ఎస్సై, కానిస్టేబుల్ పోస్టులను విడిగా ఇచ్చారు. వీటికి సాంకేతిక అర్హత తప్పనిసరి.

బీఎస్ఎఫ్‌లో అయితే పోస్టు పేరే హెడ్ కానిస్టేబుల్ రేడియో మెకానిక్. ఇంటర్ ఎంపీసీ వాళ్లు లేదా పదితో పాటు రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు అర్హులు. మూల వేతనం 25,500 రూపాయలతో మొదలవుతుంది. ఆడపిల్లలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఏ నోటిఫికేషన్ వచ్చినా వయసు, మార్కుల షరతులు మారుతుంటాయి కాబట్టి అధికారిక వెబ్‌సైట్‌లో చదువుకున్నాకే ఫీజు కట్టండి.

సొంతంగా షాపు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కానీ చదువు అవగానే కాదు. ముందు ఒక డీలర్ దగ్గరో, సర్వీస్ సెంటర్‌లోనో రెండు, మూడేళ్లు చేయడం మంచిది. జీతం మొదట్లో తక్కువే ఉంటుంది. కానీ ఆ రోజుల్లోనే ఏ కంపెనీ సెట్‌కు ఏ స్పేర్ ఎక్కడ దొరుకుతుందో, ఏ కస్టమర్ బిల్లు ఎప్పుడు ఇస్తాడో తెలుస్తుంది.

మొదటి సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. మల్టీమీటర్, 13.8 వోల్టుల పవర్ సప్లై, పవర్-ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్, డమ్మీ లోడ్, సోల్డరింగ్ స్టేషన్, ఒక ల్యాప్‌టాప్, ప్రోగ్రామింగ్ కేబుళ్లు. పూర్తి స్థాయి టెస్ట్ సెట్ అంటే లక్షల్లో ఖర్చు. అది పని పెరిగాక చూసుకోవచ్చు. అప్పు చేసి ముందే కొనొద్దు.

ఒక్కో సెట్ రిపేర్ మీద వచ్చే డబ్బుతో షాపు నిలవడం కష్టం. నిలబెట్టేది వార్షిక కాంట్రాక్టే. 'మీ 30 సెట్లూ నెలకోసారి చెక్ చేస్తా, బ్యాటరీ సామర్థ్యం 80 శాతం కంటే తగ్గితే ముందే చెబుతా, వానాకాలానికి ముందు టవర్ మీద కనెక్టర్లు చూస్తా' అని క్వారీ యజమానికి రాసిచ్చి, చెప్పింది చెప్పినట్టు చేస్తే.. ఆ యజమానే ఇంకో నలుగురికి మీ పేరు చెబుతాడు.

ఈ పనికి భవిష్యత్తు ఉందా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. సూటిగా చెప్పాలంటే, పాత పద్ధతి రిపేర్ తగ్గుతోంది. సెట్లు చౌకయ్యాయి, బోర్డులు చిన్నవయ్యాయి. అనలాగ్ పోయి డీఎంఆర్ లాంటి డిజిటల్ వస్తోంది. డీఎంఆర్‌లో 12.5 కిలోహెర్ట్జ్ చానెల్‌లోనే రెండు సంభాషణలు ఒకేసారి నడుస్తాయి. రైల్వేకు 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ ఇస్తూ 2021లో కేంద్ర కేబినెట్ నిర్ణయం తీసుకుంది. అక్కడ ఎల్‌టీఈ రేడియో వస్తోంది.

ఇంకోవైపు సిమ్ కార్డు వేసుకునే వాకీటాకీలు మార్కెట్‌లోకి వచ్చాయి. దేశంలో ఎక్కడి నుంచి ఎక్కడికైనా మాట్లాడొచ్చు, సొంత రిపీటర్ అక్కర్లేదు అంటారు అమ్మేవాళ్లు. నిజమే. కానీ అవి నడిచేది సెల్ టవర్ల మీదే. టవర్ పోతే అవీ పోతాయి. మంచి టెక్నీషియన్ కస్టమర్‌కు ఈ విషయం అమ్మకానికి ముందే చెబుతాడు. రోజువారీ పనికి సిమ్ సెట్లు సరే, వరద రోజుకు మాత్రం నేరుగా మాట్లాడే నాలుగు సెట్లు పక్కన ఉంచుకోండి అని సలహా ఇస్తాడు. ఈ తేడా విడమరిచి చెప్పగలిగిన మనిషికి పని తగ్గదు. బోర్డు రిపేర్ ఒక్కటే తెలిసినవాడికి తగ్గుతుంది.

కష్టం, ప్రమాదం కూడా తెలుసుకోండి

టవర్ ఎక్కాలి. బెల్టు, హెల్మెట్ లేకుండా, శిక్షణ లేకుండా ఎక్కొద్దు. 'పది నిమిషాల పనే కదా' అని కాంట్రాక్టర్ తొందర పెట్టినా సరే. మబ్బు పట్టినప్పుడు, ఉరుములు వినిపించినప్పుడు అసలే వద్దు. రిపీటర్ ఆన్‌లో ఉండగా దాని యాంటెన్నాను ముట్టుకోవద్దు. క్వారీల్లో ఎలక్ట్రిక్ డిటోనేటర్లు ఉన్నచోట వాకీటాకీ బటన్ నొక్కడం ప్రమాదం. ఆ తరంగాలకే డిటోనేటర్ పేలే అవకాశం ఉంది కాబట్టి నిర్దేశించిన దూరం పాటించాలి. పెట్రోల్, గ్యాస్ ఉండే చోట్లకు నిప్పురవ్వ రాని ప్రత్యేక సెట్లే వాడాలి. వాటిని మామూలు సెట్లలా విప్పి బాగుచేయకూడదు.

పని వేళలు కూడా మన చేతిలో ఉండవు. పండగకు, జాతరకు, ఎన్నికలకు, తుఫానుకు అందరూ ఇంట్లో ఉంటే టెక్నీషియన్ బయట ఉంటాడు. కాంట్రాక్ట్ ఉద్యోగమైతే పీఎఫ్, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో చేరే ముందే అడగాలి.

ఎవరికి సరిపోతుంది?

పాడైన సామాను విప్పి చూడాలని ఉబలాటపడే వాళ్లకు, లోపం దొరికేదాకా వదలని వాళ్లకు ఈ పని నచ్చుతుంది. పెద్ద జీతంతో మొదలయ్యే ఉద్యోగం కాదిది. పోస్టులు కూడా వేలల్లో పడవు. అందుకే ఒక్క నోటిఫికేషన్ మీదే ఆశ పెట్టుకోకుండా ఎలక్ట్రానిక్స్, నెట్‌వర్కింగ్, బ్యాటరీ-సోలార్ పవర్.. ఈ మూడూ కలిపి నేర్చుకోండి. రేడియోలో ఖాళీ లేకపోతే సీసీ కెమెరాల్లో, టెలికాం టవర్లలో, సోలార్‌లో అదే చేతిపని అన్నం పెడుతుంది.

ఈ ఏడాదే మొదలుపెట్టాలనుకుంటే చేయాల్సినవి మూడు. పది పాసైతే ఐటీఐ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ లేదా పాలిసెట్ దరఖాస్తు తేదీ కనుక్కోండి. ఒక మల్టీమీటర్ కొనుక్కుని ఇంట్లో పాత ఇన్వర్టర్ బ్యాటరీతో కొలతలు మొదలుపెట్టండి. హ్యామ్ పరీక్ష సిలబస్ తెచ్చుకుని రోజుకు అరగంట చదవండి. ఈ మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధర కంటే తక్కువే.